కాంతిని మలిచే ద్రవస్ఫటికాలు: మందానికీ వేగానికీ మధ్య బేరం

గాజు కటకాన్ని ఒకసారి సానపట్టాక దాని నాభ్యంతరం మారదు. ఫోకస్ మారాలంటే కటకాన్ని ముందుకో వెనక్కో జరపాలి, లేదా దాని స్థానంలో మరొకటి పెట్టాలి. కెమెరాల్లోని చిన్న మోటార్లు ఈ లోటు తీర్చడానికే పుట్టాయి. రంగు మార్చాలన్నా అంతే, టెలిస్కోపుల్లో ఫిల్టర్ చక్రాలు తిరగాలి. కదిలే భాగం ఒక్కటీ లేకుండా, కొద్ది వోల్టుల విద్యుత్తుతోనే కాంతి దారినీ రంగునూ ధ్రువణాన్నీ మార్చగల పదార్థాలు ద్రవస్ఫటికాలు. టీవీ, కంప్యూటర్ తెరల్లో అవి ఎప్పుడో స్థిరపడ్డాయి. తెర బయట, అంటే కటకాలు, ఫిల్టర్లు, లేజర్లు, ఫైబర్ స్విచ్చుల్లో, వాటి ప్రయాణం అంత సాఫీగా సాగలేదు. కొన్నిచోట్ల అవి లేనిదే పని జరగదు, కొన్నిచోట్ల దశాబ్దాలుగా నమూనాల దగ్గరే ఆగిపోయాయి. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ రంగంలో ప్రతి పరికరం పొర మందానికీ స్పందన వేగానికీ మధ్య కుదుర్చుకున్న ఒక బేరం. ఆ బేరం మెరుగుపడిన ప్రతిసారీ దాని వెనుక ఒక కొత్త అణువో, అణువులను పేర్చే ఒక కొత్త పద్ధతో ఉంది.

ద్రవంలో క్రమం

1888లో ప్రాగ్‌లో పనిచేస్తున్న వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్జర్ కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తూ ఒక వింత గమనించాడు. 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కరిగి మబ్బుగా ఉన్న ద్రవమైంది. 178.5 డిగ్రీల దగ్గర ఆ మబ్బు విడిపోయి ద్రవం తేటపడింది. ఆ నమూనాలను ఆయన జర్మనీలోని ఓటో లేమన్‌కు పంపాడు. ఆ మబ్బు ద్రవం ప్రవహిస్తూనే స్ఫటికంలా కాంతిని రెండుగా చీలుస్తోందని లేమన్ సూక్ష్మదర్శినిలో తేల్చాడు. 1922లో ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ ఫ్రీడెల్ ఈ స్థితులను నెమాటిక్, స్మెక్టిక్, కొలెస్టెరిక్ అని మూడు రకాలుగా విభజించాడు.

నెమాటిక్ స్థితిలో పొడవాటి అణువులు ఎక్కడికైనా జారగలవు, కానీ అన్నీ దాదాపు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఆ దిక్కుకు సమాంతరంగా కంపించే కాంతికి ఒక వక్రీభవన గుణకం, అడ్డంగా కంపించే కాంతికి మరొకటి. ఈ రెంటి తేడాయే ద్వివక్రీభవనం. మామూలు నెమాటిక్‌లలో అది సుమారు 0.2 ఉంటుంది. ఖనిజ స్ఫటికాల్లో చాలావాటితో పోలిస్తే ఇది పెద్ద అంకె. పైగా ఇక్కడ అణువుల దిక్కును విద్యుత్ క్షేత్రం తిప్పగలదు. క్షేత్రం ఒక హద్దు దాటగానే నెమాటిక్ పొర తిరగడం మొదలవుతుందని 1920ల చివర్లో లెనిన్‌గ్రాడ్‌లో వ్సెవోలోద్ ఫ్రెడెరిక్స్ చూపించాడు. విద్యుత్ క్షేత్రమైతే ఆ హద్దు వోల్టేజీ పొర మందం మీద ఆధారపడదు, అణువుల స్థితిస్థాపకత, విద్యుత్ గుణాల మీదే ఆధారపడుతుంది. చాలా పదార్థాల్లో అది ఒక వోల్టుకు అటూఇటూ ఉంటుంది. బ్యాటరీతో నడిచే పరికరాలకు ద్రవస్ఫటికాలు ఇంతగా నప్పడానికి మూలం ఇదే.

అణువును కట్టడం

ఈ సూత్రాలు తెలిసిన తరవాత కూడా పరికరాలు రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. గది ఉష్ణోగ్రతలో నిలిచే ద్రవస్ఫటికం లేకపోవడమే అందుకు కారణం. 1969లో వచ్చిన ఎంబీబీఏ ఆ కొరత కొంత తీర్చింది. కానీ అది షిఫ్ బేస్ కుటుంబానికి చెందింది. గాలిలోని తేమ తగిలితే దాని మధ్యబంధం విరిగిపోతుంది. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం ఆ బలహీనమైన బంధాన్నే తీసేసింది. రెండు బెంజీన్ వలయాలను నేరుగా కలిపి, ఒక కొసకు సైనో సమూహం, మరో కొసకు ఐదు కార్బన్ల గొలుసు తగిలించింది. అదే 5సీబీ. అది తేమకు చెదరదు, రంగు లేదు, విద్యుత్ క్షేత్రానికి బలంగా స్పందిస్తుంది.

అయితే 5సీబీ నెమాటిక్‌గా ఉండేది సుమారు 24 నుంచి 35 డిగ్రీల మధ్య మాత్రమే. మే నెలలో రెంటచింతలలో నీడన పెట్టినా అది క్రమమంతా పోయి మామూలు ద్రవమైపోతుంది. ఈ చిక్కును మిశ్రమాలతో విప్పారు. మాల్వెర్న్‌లోని బ్రిటిష్ ప్రభుత్వ ప్రయోగశాలలో పీటర్ రేన్స్ అణువులను ఏ పాళ్లలో కలిపితే ద్రవీభవన స్థానం బాగా దిగుతుందో ముందే లెక్కగట్టే పద్ధతి రూపొందించాడు. దాని ఫలితం ఈ7 మిశ్రమం. అందులో 51 శాతం 5సీబీ, 25 శాతం ఏడు కార్బన్ల గొలుసున్న దాని సోదర అణువు, 16 శాతం ఎనిమిది కార్బన్ల ఆల్కాక్సీ అణువు, 8 శాతం మూడు వలయాల అణువు ఉంటాయి. గడ్డకట్టే చలి నుంచి దాదాపు 60 డిగ్రీల దాకా అది పనిచేస్తుంది. ఇవాళ్టికీ ఆప్టిక్స్ ప్రయోగశాలల్లో కొత్త ఆలోచనను ముందు ఈ7తోనే పరీక్షించి చూస్తారు.

తయారీలో అసలు శ్రమ అణువును కలపడం కన్నా దాన్ని శుద్ధి చేయడంలో ఉంది. పల్లాడియం ఉత్ప్రేరకంతో వలయాలను జోడించడం నేటి రసాయన శాస్త్రజ్ఞులకు అలవాటైన పనే. ఆ తరవాత సిలికా స్తంభం గుండా పంపడం, మళ్లీ మళ్లీ స్ఫటికీకరించడం, మిగిలిన అయాన్లను తొలగించడం మొదలవుతాయి. అతి స్వల్పంగా అయాన్లు మిగిలినా అవి ఎలక్ట్రోడ్ల దగ్గర పోగై, బయటినుంచి ఇచ్చిన క్షేత్రాన్ని అడ్డుకుంటాయి. సైనో సమూహం అయాన్లను తనచుట్టూ పట్టి ఉంచుకుంటుంది. అందుకే టీవీ తెరల పరిశ్రమ ఫ్లోరిన్ అణువులకు మళ్లింది. ద్వివక్రీభవనం పెంచాలంటే మాత్రం ఎలక్ట్రాన్లు బారుగా పరుచుకున్న అణువులు కావాలి. టొలేన్లు, ఐసోథయోసయనేట్లు అలాంటివి, వాటితో 0.4 దాటవచ్చు. కానీ అణువు పొడవైనకొద్దీ ద్రవం చిక్కబడుతుంది, ద్రవీభవన స్థానం పెరుగుతుంది, అతినీలలోహిత కాంతికి త్వరగా పాడవుతుంది. రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గుణం పెంచితే మరొకటి తరుగుతుంది.

సెల్ తయారీ కూడా అంతే నేర్పు కోరుతుంది. పారదర్శకమైన ఎలక్ట్రోడ్‌గా పనిచేసే ఐటీవో పూత ఉన్న రెండు గాజు పలకల మీద పాలిఇమైడ్ పొర పూసి, కాల్చి, వెల్వెట్ వంటి గుడ్డతో ఒకే దిక్కుకు రుద్దుతారు. అణువులు ఆ రుద్దిన దిక్కునే పట్టుకుంటాయి. మైక్రాన్ల మందమున్న స్పేసర్లతో పలకల మధ్య ఎడం ఉంచి, ద్రవం తేటపడేదాకా వేడిచేసి కేశనాళికా చర్యతో లోపలికి ఎక్కిస్తారు. గుడ్డతో రుద్దితే ధూళి, స్థిరవిద్యుత్ తప్పవు. 1990ల నుంచి ధ్రువణ కాంతితోనే దిక్కు ముద్రించే పద్ధతి బలపడింది. పొర మీద ఒక్కో చుక్కకు ఒక్కో దిక్కు ఇవ్వగలగడం దీని గొప్ప. ఆ సౌలభ్యం ఎంత దూరం తీసుకెళ్లిందో ముందు చూస్తాం.

బేరం లెక్క

నెమాటిక్ పొరతో కటకం చేయవచ్చని 1979లో జపాన్‌లోని అకితా విశ్వవిద్యాలయానికి చెందిన సుసుము సాటో చూపించాడు. మధ్యలో ఒక వక్రీభవన గుణకం, అంచుకు పోనుపోను మరొకటి ఉండేలా వోల్టేజీ ఇస్తే చదునైన పొరే కటకంగా పనిచేస్తుంది. దాని నాభ్యంతరం, వ్యాసార్ధం వర్గాన్ని మందం, ద్వివక్రీభవనాల లబ్ధానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది.

అంకెలు వేసి చూస్తే అసలు సమస్య తెలుస్తుంది. మందం 50 మైక్రాన్లు, ద్వివక్రీభవనం 0.2 అనుకుందాం. వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అయితే నాభ్యంతరం 5 సెంటీమీటర్లు, అంటే 20 డయాప్టర్ల శక్తి. ఫోన్ కెమెరాకు అది అవసరానికి మించినది. వ్యాసార్ధాన్ని కళ్లద్దానికి కావలసిన 1 సెంటీమీటరుకు పెంచితే శక్తి 0.2 డయాప్టర్లకు పడిపోతుంది, దానితో అక్షరం కూడా పెద్దది కాదు. చత్వారపు అద్దానికి 2 డయాప్టర్లు కావాలంటే పొర అర మిల్లీమీటరు మందం ఉండాలి.

అక్కడే వేగం అడ్డుపడుతుంది. క్షేత్రం తీసేశాక అణువులు పాత దిక్కుకు రావడానికి పట్టే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సాధారణ స్నిగ్ధత, స్థితిస్థాపకతలతో 5 మైక్రాన్ల పొరకు సుమారు 25 మిల్లీసెకన్లు. 50 మైక్రాన్లకు రెండున్నర సెకన్లు. అర మిల్లీమీటరుకు నాలుగు నిమిషాల పైమాటే. పుస్తకం నుంచి తల ఎత్తి గోడమీది గడియారం చూడటానికి అంతసేపు ఆగేవాళ్లుండరు. ద్వివక్రీభవనాన్ని రెట్టింపు చేస్తే మందం సగమవుతుంది, సమయం నాలుగో వంతుకు దిగుతుంది. పదార్థాలను పోల్చేటప్పుడు ద్వివక్రీభవనం వర్గాన్ని స్నిగ్ధత, స్థితిస్థాపకతలతో కలిపి ఒకే కొలమానంగా చూడటం అందుకే.

ఈ లెక్కను దృష్టిలో ఉంచుకుంటే ఏ పరికరం ఎందుకు నిలిచిందో సులువుగా అర్థమవుతుంది. పెద్ద నగరాల మధ్య ఆప్టికల్ ఫైబర్ కూడళ్లలో, ఒకే తంతువులో వచ్చిన పదుల తరంగదైర్ఘ్యాలను విడదీసి తలో దారికి పంపే స్విచ్చులు కావాలి. సిలికాన్ చిప్ మీద పలచటి ద్రవస్ఫటిక పొర పరిచిన ఎల్‌కాస్ పరికరం ఆ పనికి సరిగ్గా సరిపోయింది. అక్కడ కాంతి దశను ఒక పూర్తి చుట్టు మారిస్తే చాలు, దానికి కొద్ది మైక్రాన్ల మందమే కావాలి. దారులు క్షణక్షణం మార్చే అవసరం కూడా లేదు. అదే ఎల్‌కాస్ ఫలకం ప్రయోగశాలల్లో లేజర్ పుంజాన్ని విడదీసి సూక్ష్మకణాలను పట్టే ఆప్టికల్ ట్వీజర్లకు ఆధారమైంది. 2020 ఫిబ్రవరిలో ఎగిరిన ఐరోపా సోలార్ ఆర్బిటర్‌లో సూర్యకాంతి ధ్రువణాన్ని కొలవడానికి తిరిగే పలకల బదులు ద్రవస్ఫటిక సెల్స్ వాడారు. కదిలే భాగం లేకపోవడం అంతరిక్షంలో ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

బెర్నార్డ్ లియో 1930లలో సూర్యుణ్ణి చూడటానికి రూపొందించిన ఫిల్టరుకు ద్రవస్ఫటిక పొరలు చేరిస్తే, కోరిన రంగును మీటతో ఎంచుకునే ఫిల్టరు వస్తుంది. వైద్య పరీక్షల్లో, పంటల పరిశీలనలో దాన్ని వాడుతున్నారు. వరసగా పేర్చిన పోలరైజర్లు సగానికి పైగా కాంతిని మింగేయడం దాని లోపం. మసక కాంతిలో అది తగిన సాధనం కాదు.

మందం తగ్గించే తోవ

పలచటి పొరతోనే పెద్ద కటకం చేయడానికి రెండు దారులు దొరికాయి. మొదటిది వివర్తన కటకం. కాంతి దశ ఒక చుట్టు పూర్తయిన ప్రతిచోటా మళ్లీ సున్నా నుంచి మొదలుపెడితే, పొర ఎప్పుడూ కొద్ది మైక్రాన్లు దాటదు. 2006లో అరిజోనా విశ్వవిద్యాలయ బృందం 10 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మైక్రాన్ల మందంతో, 2 వోల్టులకు లోపే నడిచే చత్వారపు కటకాన్ని ప్రకటించింది. 2011లో అమెరికాలో ఇలాంటి కళ్లద్దాలు అమ్మకానికి వచ్చినా ఎక్కువ కాలం నిలవలేదు.

రెండో దారి మన దేశపు ఆలోచన నుంచి పుట్టింది. 1956లో బెంగళూరులో సి.వి. రామన్ శిష్యుడు ఎస్. పంచరత్నం, ఇరవై రెండేళ్ల వయసులో, ధ్రువణ స్థితి ఒక వలయంలో తిరిగి మొదటికి వచ్చినప్పుడు కాంతి దశలో ఒక అదనపు మార్పు చేరుతుందని చూపించాడు. ఆ మార్పు కాంతి నడిచిన దూరాన్ని బట్టి రాదు, ధ్రువణం తిరిగిన మార్గపు ఆకారాన్ని బట్టి వస్తుంది. 1980లలో మైఖేల్ బెర్రీ ఇదే భావాన్ని క్వాంటం శాస్త్రంలో విస్తృతంగా నిలబెట్టి, పంచరత్నం ముందుచూపును గుర్తించాడు. దాన్ని ద్రవస్ఫటికానికి వర్తింపజేస్తే ఇలా ఉంటుంది: అర్ధతరంగ మందమున్న పొరలో, అంటే ఆకుపచ్చ కాంతికి ఒకటిన్నర మైక్రాన్ల లోపే, ఒక్కో చుక్క దగ్గర అణువుల దిక్కును తిప్పుకుంటూ పోతే, తిప్పిన కోణానికి రెట్టింపు దశ మార్పు వస్తుంది. మందం ఎక్కడా మారనక్కర్లేదు. దిక్కును కాంతితో ముద్రించే పద్ధతి అందుబాటులోకి వచ్చాకే ఇది చేతికందింది. 2019లో ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) ప్రయోగశాల చూపిన హాఫ్ డోమ్ 3 వీఆర్ నమూనాలో ఇలాంటి ఆరు కటకాలను పేర్చారు. ఒక్కోదాన్ని మార్చడంతో 64 ఫోకస్ దూరాలు వచ్చాయి.

ఈ దారికీ హద్దులున్నాయి. ఇలాంటి కటకం నాభ్యంతరం తరంగదైర్ఘ్యంతో పాటు మారుతుంది కాబట్టి ఎరుపు, నీలం ఒకేచోట ఫోకస్ కావు. అది కుడివాటు వృత్తాకార ధ్రువణాన్ని దగ్గరకు చేరిస్తే, ఎడమవాటును చెదరగొడుతుంది. తమ కాంతిని తామే తయారుచేసుకునే వీఆర్ తెరలకు ఇది పెద్ద అడ్డంకి కాదు. పగటి వెలుగులో తిరిగే మనిషి కళ్లద్దానికి మాత్రం అడ్డంకే.

రంగును తిప్పడం

కొలెస్టెరిక్ స్థితిలో అణువుల దిక్కు మెట్లమెట్లుగా తిరుగుతూ మరచుట్టులా ఏర్పడుతుంది. ఆ చుట్టు నిడివిని సగటు వక్రీభవన గుణకంతో గుణిస్తే అది ప్రతిఫలించే తరంగదైర్ఘ్యం వస్తుంది. ఆకుపచ్చకు సుమారు 340 నానోమీటర్ల చుట్టు చాలు. అద్దం లేకుండానే అది అద్దం, రంగు పదార్థం కలిపితే లేజర్ కుహరం కూడా. నుదుటికి అంటించే జ్వరపు పట్టీ ఉష్ణోగ్రతతో ఈ చుట్టు మారడాన్నే వాడుకుంటుంది. కానీ విద్యుత్తుతో రంగును సాఫీగా మార్చడం చాలాకాలం కుదరలేదు. క్షేత్రం పెట్టగానే చుట్టు వికారమై, ప్రతిఫలనం చెడిపోయేది.

దీనికి జవాబు సిద్ధాంతంలో 1968లోనే ఉంది. అణువులు వంగడం మెలితిరగడం కన్నా సులువైతే, క్షేత్రం కింద అవి అక్షానికి ఏటవాలుగా నిలిచి చక్కటి చుట్టుగా ఏర్పడతాయని రాబర్ట్ మేయర్, డి జెన్ వేర్వేరుగా ఊహించారు. అలాంటి పదార్థం అప్పట్లో లేదు. రెండు సైనోబైఫినైల్ అణువులను ఏడు కార్బన్ల గొలుసుతో కలిపిన సీబీ7సీబీ వచ్చాక ఆ కొరత తీరింది. గొలుసులో కార్బన్లు బేసి సంఖ్యలో ఉంటే అణువు తనంతట తానే వంగి ఉంటుంది. 2014, 2015 సంవత్సరాల్లో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒలెగ్ లావ్రెంటోవిచ్ బృందం ఒకే సెల్‌లో క్షేత్రం మార్చుకుంటూ ప్రతిఫలనాన్ని అతినీలలోహితం నుంచి పరారుణం దాకా తిప్పింది. ఈ సమీక్షలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్న ఫలితం ఇది. దాదాపు అర్ధశతాబ్దం కాగితం మీదే ఉన్న ఊహను, ఒక గొలుసులోని కార్బన్ల సంఖ్య నిజం చేసింది.

వేగం కోసం

వేగం పెంచడానికి మూడు ప్రయత్నాలు చెప్పుకోదగ్గవి. మేయర్ 1975లో ఫెర్రోఎలెక్ట్రిక్ స్మెక్టిక్‌లను కనిపెట్టగా, 1980లో నోయెల్ క్లార్క్, స్వెన్ లాగర్‌వాల్ వాటిని మైక్రోసెకన్ల స్విచ్చులుగా మార్చారు. కానీ వాటికి రెండే స్థితులు, మధ్యలో ఆగవు. నీలి స్థితులు (బ్లూ ఫేజ్) అనే ద్రవస్ఫటిక స్థితులు రెండోవి. ధ్రువణంతో నిమిత్తం లేకుండా, మిల్లీసెకను కన్నా త్వరగా స్పందిస్తాయి. కొద్ది డిగ్రీల వ్యవధికి మించి నిలవని ఆ స్థితిని 2002లో జపాన్‌లో హిరోత్సుగు కికుచి బృందం పాలిమర్ జాలంతో 60 డిగ్రీలకు పైగా విస్తరించింది. వాటికి కావలసిన ఎక్కువ వోల్టేజీ ఇప్పటికీ సమస్యే.

మూడోది ఇటీవలిది. నెమాటిక్ అణువుల తలలన్నీ ఒకే వైపుకు చూసే ఫెర్రోఎలెక్ట్రిక్ నెమాటిక్‌ను మాక్స్ బోర్న్ 1916లోనే ఊహించాడు. 2017లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లోనూ జపాన్‌లోనూ తయారైన అణువులు, 2020లో కొలరాడోలో జరిగిన పరిశీలనతో, ఆ ఊహను నిజం చేశాయి. మొదటి అణువుల్లో ఆర్ఎం734కు ఆ స్థితి కోసం సుమారు 130 డిగ్రీల దాకా వేడి కావాలి. గది ఉష్ణోగ్రత మిశ్రమాలు తరవాత వచ్చాయి. 2024లో జర్మనీ, స్లొవేనియా బృందాలు ఇలాంటి పదార్థంలో చిక్కుపడిన ఫోటాన్ జంటలను పుట్టించి, కొద్ది వోల్టులతోనే వాటి ధ్రువణ స్థితిని మార్చి చూపాయి. కాంతిని మళ్లించడంతో మొదలైన ద్రవస్ఫటికం ఇప్పుడు కాంతికి జనకస్థానమవుతోంది.

మన వంతు

ఈ శాస్త్రంలో భారతదేశపు స్థానం చిన్నది కాదు. పంచరత్నం అన్న ఎస్. చంద్రశేఖర్ 1977లో రామన్ పరిశోధన సంస్థలో సదాశివ, సురేశ్‌లతో కలిసి బిళ్లల ఆకారపు అణువులతో కొత్త రకం ద్రవస్ఫటికాలను కనిపెట్టారు. తెలుగు నేల మీద నాగార్జున విశ్వవిద్యాలయంలో వి.జి.కె.ఎం. పిసిపాటి బృందం షిఫ్ బేస్ కుటుంబపు అణువులను తయారుచేసి, గొలుసు పొడవు ఒక్కో కార్బన్ పెరిగినప్పుడు వాటి స్థితులు, సాంద్రతలు ఎలా మారతాయో ఏళ్లతరబడి ఓపికగా కొలిచింది. కార్బన్ల సరి బేసి తేడాల మీద అలాంటి కొలతల విలువ ఏమిటో సీబీ7సీబీ కథే చెబుతోంది.

ఇన్ని ఉన్నా, ఆప్టిక్స్‌కు కావలసిన మిశ్రమాలు ఎక్కువగా జర్మనీ, జపాన్, చైనా కంపెనీల నుంచే వస్తున్నాయి. మిగిలిన సమస్యలను చూస్తే ఇది మనం దిగగల చోటేనని నా నమ్మకం. నీలి, అతినీలలోహిత కాంతికి చెదరని అధిక ద్వివక్రీభవన అణువులు కావాలి. 50 డిగ్రీల ఎండలోనూ గుణం మారని మిశ్రమాలు కావాలి. ఫెర్రోఎలెక్ట్రిక్ నెమాటిక్‌కు అయాన్లు లేని శుద్ధి పద్ధతులు కావాలి. ఈ మూడూ ఖరీదైన చిప్ కర్మాగారాలతో తీరేవి కావు, సేంద్రియ రసాయన ప్రయోగశాలలో తీరేవి. క్లిష్టమైన అణువులను కట్టి శుద్ధి చేసే నేర్పు హైదరాబాద్, విశాఖ ఔషధ పరిశ్రమలో పుష్కలంగా ఉంది. ఆ నేర్పును భౌతికశాస్త్ర విభాగాల కొలతలతో, ఆప్టిక్స్ ఇంజనీర్ల అవసరాలతో కలిపే ఉమ్మడి కార్యక్రమం కావాలి. విశ్వవిద్యాలయాలు ముందుగా చేయవలసింది అదే. మందానికీ వేగానికీ మధ్య తరవాతి మెరుగైన బేరం కుదిరేది అణువు దగ్గరే కాబట్టి, అణువును కట్టగలవాళ్లకే ఆ బేరంలో మాట చెల్లుతుంది.